కుట్టి తినే టిన్ను లోపలి పూత

మా నాయన చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో 19 సీజన్లు పనిచేశాడు. సీజన్ అంటే తోతాపురి కాయ దిగే రోజులు. కాయ లోడు ట్రాక్టర్లు గేటు ముందు నుంచి రోడ్డు మీదికి బారులు తీరి నిలబడేవి. నాయన పని సీమింగ్ మిషన్ దగ్గర. గుజ్జు నింపిన టిన్నుకు మూత బిగించే మిషన్ అది. అందుకే టిన్ను చేతికి వస్తే ఆయన చూసే తీరు వేరు. మనం లేబుల్ చూస్తాం. ఆయన అంచు చూస్తాడు, కుట్టు చూస్తాడు, ఆ తర్వాత లోపలికి చూస్తాడు.

పోయిన ఎండాకాలం తిరుపతిలో మా ఇంటికి వచ్చినప్పుడు, మా పిల్లికి పెట్టి ఖాళీ చేసిన టిన్ను సింకు పక్కన ఆయన కంట పడింది. కడిగి, కిటికీ వెలుతురుకు పట్టి చూశాడు. గోటితో లోపల గీకాడు. "పాపా, దీని లోపల పూత ఉంది. ఏం పూతో రాసినారా?" అని అడిగాడు.

లేబుల్ తిప్పి తిప్పి చదివాను. ట్యూనా చేప, నీళ్లు, చిక్కదనానికి కలిపే జిగురు, విటమిన్లు, టారిన్. ప్రోటీన్ ఎంత శాతం, తేమ ఎంత శాతం. థాయ్‌లాండ్‌లో తయారైంది. దిగుమతి చేసుకున్నవాళ్ల చిరునామా ఉంది, ఎమ్మార్పీ ఉంది, ఫోన్ నంబరు ఉంది. డబ్బా లోపల ఏం పూశారో మాత్రం ఒక్క ముక్క లేదు.

"తినే సరుకు ఇరవై నాలుగ్గంటలూ తగులుకుని ఉండేది ఆ పూతనే గదా. దాని పేరు రాయకపోతే ఎట్లా?" అన్నాడు నాయన. నా దగ్గర జవాబు లేదు. అప్పటినుంచి దొరికినంత చదివాను, అడగగలిగిన వాళ్లందరినీ అడిగాను. ఇది రాయడానికి కారణం అదే.

ముందు కుట్టి సంగతి చెప్పాలి. కుట్టి మా గండుపిల్లి. ఆపరేషన్ చేయించాం, వయసు అయిదేళ్లు, బరువు నాలుగు కిలోలు. బైరాగిపట్టెడలో మేం అద్దెకున్న ఇంటి మెట్ల కింద దొరికాడు. పోయిన ఏప్రిల్‌లో ఒక రోజంతా లిట్టర్ ట్రేలో కూర్చుని లేస్తూ, మూత్రం రాక సన్నగా అరుస్తూనే ఉన్నాడు. తిరుపతి ఎండలు తెలిసినవే, నలభై దాటాక ఇంట్లో నేల కూడా కాలుతుంది. గండుపిల్లులకు మూత్రం బిగుసుకుపోతే అది గంటలతో ముడిపడ్డ వ్యవహారం. డాక్టర్ గారు మత్తు ఇచ్చి ట్యూబు వేసి మూత్రం తీశారు. రెండు రాత్రులు అక్కడే ఉంచుకున్నారు. ఇంటికి పంపేటప్పుడు ఒకే మాట గట్టిగా చెప్పారు: "పొడి గుళికలు తగ్గించండి. తడి ఆహారం పెట్టండి. నీళ్లు తిండితో పాటే లోపలికి పోవాలి."

ఆ మాటలో న్యాయం ఉంది. పిల్లి ఎడారి జంతువుల వంశం, దాహం వేసినంత నీళ్లు తాగదు. పొడి గుళికల్లో తేమ పది శాతం అటూ ఇటూ. టిన్నులోని తడి ఆహారంలో ముప్పావు వంతుకు పైగా నీళ్లే. అంటే మా ఇంట్లో టిన్ను విలాసం కాదు, మందులాంటిది. "టిన్నులన్నీ చెత్తబుట్టలో వేయండి" అని నేను రాయలేను. వేసేయగలిగితే ఈ టెన్షనే ఉండేది కాదు.

ఇంట్లో వండి పెట్టొచ్చు గదా అని చాలామంది అడిగారు. మా అవ్వ కాలంలో ఇంటి పిల్లికి సంగటి ముద్దలో మజ్జిగ పోసి పెట్టేవాళ్లు, మిగతాది అది ఎలుకలతో నింపుకునేది. మూడో అంతస్తులో ఉండే కుట్టికి ఎలుకలు ఎక్కడివి? పిల్లి శరీరం టారిన్ అనే పదార్థాన్ని తనకు సరిపడా తయారు చేసుకోలేదు, మాంసం నుంచే రావాలి. వండేటప్పుడు అందులో కొంత నీళ్లలోకి పోతుంది. టారిన్ చాలకపోతే పిల్లుల గుండె కండరం బలహీనపడి సాగిపోతుందని 1987లో అమెరికా శాస్త్రవేత్తలు తేల్చారు. అప్పట్లో అమ్ముతున్న క్యాట్ ఫుడ్‌లోనే టారిన్ తక్కువై పిల్లులు గుండె జబ్బుతో చనిపోయేవి. అది బయటపడ్డాక కంపెనీలు మోతాదు పెంచాయి, ఆ జబ్బు దాదాపు కనుమరుగైంది. అందుకే ఈ రోజు టిన్ను మీద టారిన్ పేరు కనిపిస్తుంది. ఎవరో పరీక్షించారు, తప్పు బయటపడింది, లేబుల్ మారింది. పూత విషయంలో నేను కోరుతున్నదీ అదే దారి.

ఇప్పుడు పూత దగ్గరికి వస్తాను. టిన్ను అంటే ఉక్కు రేకు. కొన్నిటికి పైన పలుచగా తగరం ఉంటుంది. పులుపు, ఉప్పు తగిలితే లోహం కరిగి సరుకులోకి దిగుతుంది, రేకు తుప్పు పడుతుంది. అది జరగకుండా లోపల ఒక పూత పూస్తారు. నాయన వాళ్లు దాన్ని లాకర్ అంటారు. ఆయన లెక్కలో టిన్నులు రెండే రకాలు, లోపల తెల్లగా మెరిసేవి, లోపల బంగారు రంగులో ఉండేవి. ఆ బంగారు రంగు చాలావరకు ఎపాక్సీ రెసిన్‌ది. 1950ల నుంచి ప్రపంచమంతా టిన్నులకు పూస్తున్నది ఇదే. గట్టిగా అంటుకుంటుంది, వేడికి పగలదు, రుచి మార్చదు. పూతగా దానికి సాటి వచ్చేవి తక్కువ, ఒప్పుకోవాలి.

ఈ ఎపాక్సీని తయారుచేసేది బిస్ఫినాల్ ఏ అనే రసాయనంతో. పొట్టిగా బీపీఏ. ప్లాస్టిక్ నీళ్ల సీసాల మీద "బీపీఏ ఫ్రీ" అని రాసి ఉండటం మీరు చూసే ఉంటారు, అదే ఇది. పూత గట్టిపడేటప్పుడు బీపీఏ చాలావరకు కలిసిపోతుంది, కలవకుండా కాస్త మిగులుతుంది. ఆ మిగిలినదే తిండిలోకి దిగేది.

ఇక్కడ వంట ఎలా జరుగుతుందో తెలియాలి. మనం అనుకున్నట్టు ముందు ఉడికించి, చల్లార్చి, టిన్నులో నింపరు. మాంసం, చేప, నీళ్లు టిన్నులో పోసి, మూత బిగించి, ఆ టిన్నుతో సహా రిటార్ట్ అనే పెద్ద ఆవిరి యంత్రంలో పెడతారు. లోపల వేడి సుమారు 121 డిగ్రీలు. మన ఇంటి ప్రెషర్ కుక్కర్ వేడి కూడా ఇంచుమించు అంతే. అంటే కుక్కర్‌లో గిన్నెలాగా ఆ టిన్నునే పెట్టి, అందులోనే కూర ఉడికించినట్టు. నూనె ఉంది, ఉప్పు ఉంది, అంత వేడి ఉంది. పూతలో నుంచి దిగాల్సింది చాలావరకు ఆ ఉడుకులోనే దిగిపోతుంది. "టిన్నును ఎండలో పెట్టకండి, చల్లగా ఉంచండి" అని పెట్ షాపుల్లో చెప్పే సలహా మంచిదే, కానీ ఈ విషయంలో ఆలస్యమైన సలహా. మన చేతికి వచ్చేసరికే దిగాల్సింది దిగి ఉంటుంది.

బీపీఏని మొదట తయారుచేసింది 1891లో. 1936లో ఎడ్వర్డ్ చార్లెస్ డాడ్స్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త స్త్రీ హార్మోన్ ఈస్ట్రోజెన్‌లాగా పనిచేసే కృత్రిమ పదార్థాలను వెతుకుతూ దీన్ని కూడా పరీక్షించి, ఆ గుణం ఇందులో ఉందని ప్రకటించాడు. అంతకంటే బలమైన పదార్థం దొరకడంతో మందుగా దీన్ని పక్కన పెట్టారు. తర్వాత పరిశ్రమ దీన్ని ప్లాస్టిక్కుకీ పూతకీ తీసుకుంది. హార్మోన్‌లా పనిచేస్తుందని తెలిసిన రసాయనం, తెలిశాకే, తిండి డబ్బా లోపలికి చేరింది. నాకు కోపం వచ్చింది ఇక్కడే.

ఎంత దిగుతుంది? జపాన్‌లో ఇద్దరు పరిశోధకులు పెట్ ఫుడ్ టిన్నులు పరీక్షించి 2002లో ఫలితాలు ప్రకటించారు. పిల్లుల ఆహారంలో గ్రాముకు 13 నుంచి 136 నానోగ్రాముల బీపీఏ దొరికింది. కుక్కల ఆహారంలో 11 నుంచి 206. నానోగ్రాము అంటే గ్రాములో వంద కోట్లవ వంతు. వినడానికి గాలిలో ధూళి కంటే తక్కువ అనిపిస్తుంది. నాకూ మొదట అలాగే అనిపించింది.

తర్వాత కాగితం తీసుకుని లెక్క వేశాను. కుట్టి బరువు 4 కిలోలు. రోజుకు సుమారు 200 గ్రాముల తడి ఆహారం తింటాడు. జపాన్ టిన్నుల్లో అతి తక్కువ ఉన్నది తీసుకుంటే రోజుకు 2,600 నానోగ్రాములు, అతి ఎక్కువ ఉన్నది తీసుకుంటే 27,200. కిలో బరువుకు లెక్కిస్తే 650 నుంచి 6,800. ఇప్పుడు మనుషులకు పెట్టిన హద్దులు చూద్దాం. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2015లో, మనిషి కిలో బరువుకు రోజుకు 4,000 నానోగ్రాముల దాకా పర్వాలేదంది. అదే సంస్థ 2023 ఏప్రిల్‌లో కొత్త పరిశోధనలన్నీ తిరగేసి ఆ హద్దును 0.2 నానోగ్రాములకు దించింది. ఇరవై వేల రెట్లు తగ్గింపు. జర్మనీ ప్రభుత్వ సంస్థ మరీ అంత దించనవసరం లేదని వాదించి 200 దగ్గర ఆగింది. అమెరికాలో ఆహారాన్ని, మందులను నియంత్రించే ఎఫ్‌డీఏ, ఆహారంలో ప్రస్తుతం దొరుకుతున్న మోతాదుల్లో బీపీఏ క్షేమమే అంటుంది. పెద్ద సంస్థల మధ్యే ఇంత తేడా ఉంది. అయినా ఒకటి గమనించండి. కాస్త ఉదారంగా ఉన్న జర్మనీ హద్దు తీసుకున్నా, ఆ టిన్నుల్లో అన్నిటికంటే తక్కువ ఉన్నది కూడా దానికి మూడు రెట్లు పైన ఉంది. అన్నిటికంటే ఎక్కువ ఉన్నది యూరప్ పాత హద్దునే దాటేసింది.

ఈ లెక్కకు పరిమితులున్నాయి. అవి ఇరవై ఏళ్ల కిందటి టిన్నులు, జపాన్ మార్కెట్‌వి. ఆ హద్దులు మనుషులకు పెట్టినవి. అప్పటినుంచి చాలా కంపెనీలు పూతలు మార్చాయి. కుట్టి గిన్నెలో ఇవాళ ఎంత పడుతోందో ఈ లెక్కతో తేలదు. తేలాలంటే ఆ టిన్నుకు ఏ పూత పూశారో తెలియాలి. మళ్లీ నాయన అడిగిన ప్రశ్న దగ్గరికే వచ్చాం.

మనుషుల హద్దును పిల్లికి పెట్టకూడదు అనే మాట నిజమే, కానీ అది పిల్లికి అనుకూలమైన నిజం కాదు. మన కాలేయం బీపీఏ లాంటి పదార్థాలకు గ్లూకురోనిక్ ఆమ్లాన్ని జోడించి, నీళ్లలో కరిగేలా చేసి మూత్రంలో పంపేస్తుంది. పిల్లి కాలేయంలో ఆ పని చేసే ఎంజైములు కొన్ని సరిగా లేవు. మనకు జ్వరం వస్తే వేసుకునే పారాసెటమాల్ పిల్లికి ఒక్క మాత్ర పడినా ప్రాణం మీదికి రావడానికి ఒక ముఖ్య కారణం ఇదే. (పిల్లికి ఒళ్లు వేడిగా ఉందని ఎవరూ ఆ మాత్ర వేయకండి. వేసినవాళ్లు నాకు తెలుసు.) పారాసెటమాల్ లాగే బీపీఏ కూడా ఫినాల్ అనే రసాయనాల జాతిదే. మనిషి శరీరం గంటల్లో వదిలించుకునేదాన్ని పిల్లి శరీరం అంత సులువుగా వదిలించుకోలేదని అనుకోవడానికి ఇది చాలు. పైగా మనం పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం, రాత్రి చపాతీ తింటాం. కుట్టి ఏడాదిలో 365 రోజులూ ఆ టిన్నే తింటాడు.

కుక్కల మీద నేరుగా చేసిన పరిశోధన ఒకటి ఉంది. అమెరికాలోని మిస్సోరి విశ్వవిద్యాలయం వాళ్లు ఇళ్లల్లో పెరిగే ఆరోగ్యమైన 14 కుక్కలను తీసుకున్నారు. అవి అప్పటిదాకా సంచిలో వచ్చే పొడి ఆహారం తినేవి. రెండు వారాలు టిన్ను ఆహారం పెట్టించి, ముందూ తర్వాతా రక్తం తీసి చూశారు. బీపీఏ దాదాపు మూడు రెట్లు పెరిగింది. పేగుల్లోని సూక్ష్మజీవుల్లో కూడా మార్పులు కనిపించాయి. రెండు రకాల టిన్నులు వాడారు. అందులో ఒకటి బీపీఏ లేనిదని అనుకుని తీసుకున్నది. దాంట్లోనూ బీపీఏ దొరికింది. ఈ చివరి సంగతి చదివాక "బీపీఏ ఫ్రీ" అనే ముద్ర మీద నాకున్న నమ్మకం సగానికి పడిపోయింది. పైగా బీపీఏ తీసేసి బిస్ఫినాల్ ఎస్, బిస్ఫినాల్ ఎఫ్ అనే దాని దాయాదులను వాడితే, "ఫ్రీ" అన్న మాట అక్షరాలా నిజమే అవుతుంది, కొనేవాడికి ఒరిగేది మాత్రం ఏమీ ఉండదు.

పిల్లుల విషయంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది థైరాయిడ్. ముసలి పిల్లుల్లో థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేసి, ఎంత తిన్నా చిక్కిపోయే జబ్బు ఒకటుంది. 1979కి ముందు దీన్ని ఎవరూ ఒక జబ్బుగా వర్ణించలేదు. ఇవాళ పాశ్చాత్య దేశాల్లో పెద్ద వయసు పిల్లులకు అతి సాధారణంగా వచ్చే హార్మోన్ జబ్బు ఇదే. 2004లో అమెరికా పశువైద్య సంఘం పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. పైన రింగు పట్టి లాగితే తెరుచుకునే టిన్నుల ఆహారం తిన్న పిల్లుల్లో ఈ జబ్బు ముప్పు ఎక్కువగా కనిపించింది. అంతమాత్రాన టిన్నే కారణమని తేలినట్టు కాదు. సోఫాల నురుగులో కలిపే మంటల నిరోధక రసాయనాలను, ఆహారంలో అయోడిన్ హెచ్చుతగ్గులను, సోయాను కూడా అనుమానిస్తున్నారు. టిన్ను అనుమానితుల్లో ఒకటి. అనుమానితుడి పేరు రాసుకోవడం నేరం మోపడం కాదు. పేరే రాయకపోతే విచారణ ఎట్లా సాగుతుంది?

మా బావతో ఈ విషయం మీద గట్టిగానే వాదన జరిగింది. "మనుషులకే దిక్కు లేదమ్మా. లీలామహల్ సర్కిల్‌లో పొగలు కక్కే సాంబారు ప్లాస్టిక్ కవర్లో కట్టిస్తారు, టీ కూడా కవర్లోనే పోస్తారు, అది ఇంటికి తెచ్చుకుని తాగుతాం. నువ్వు పిల్లి టిన్నుకు పూత గురించి అడుగుతావా?" అన్నాడు. ఆయన చెడ్డ మనసుతో అనలేదు. చాలామంది మనసులో ఉన్న మాటే అది. ముందు మనుషులు, తర్వాత జంతువులు.

ఆ వరుస నాకూ తెలుసు. కానీ చరిత్రలో విషం ఆ వరుస పాటించలేదు. జపాన్‌లోని మినమాటాలో 1950లలో మొదట పిల్లులే వణికాయి, మెలికలు తిరిగాయి, సముద్రంలో పడి చచ్చాయి. ఫ్యాక్టరీ నీళ్లలోని పాదరసం చేపల్లోకి, చేపల నుంచి పిల్లుల్లోకి, మనుషుల్లోకి వెళ్లింది. 1956లో మనుషుల జబ్బును అధికారికంగా గుర్తించారు. 1959లో ఆ ఫ్యాక్టరీ ఆసుపత్రి డాక్టరే ఒక పిల్లికి ఫ్యాక్టరీ వ్యర్థ జలం కలిపిన తిండి పెట్టి చూశాడు. దానికీ అదే జబ్బు వచ్చింది. ప్రయోగాల లెక్కలో ఆ పిల్లి నంబరు 400. కంపెనీ ఆ ఫలితాన్ని బయటికి రానివ్వలేదు. ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి వ్యర్థ జలం సముద్రంలో కలుస్తూనే ఉంది.

ఇంకో ఉదాహరణ నేరుగా పెట్ ఫుడ్‌దే. 2007 మార్చిలో మెనూ ఫుడ్స్ అనే కెనడా కంపెనీ ఆరు కోట్లకు పైగా టిన్నులు, పౌచ్‌లు వెనక్కి తీసుకుంది. తిన్న కుక్కలకు, పిల్లులకు మూత్రపిండాలు పాడయ్యాయి. చైనా నుంచి వచ్చిన గోధుమ గ్లూటెన్‌లో (గోధుమలోని ప్రోటీన్) మెలమిన్ అనే పారిశ్రామిక రసాయనం కలిసింది. మెలమిన్‌లో నత్రజని ఎక్కువ. ప్రోటీన్‌ను నత్రజనిని బట్టి లెక్కగట్టే పరీక్షలో అది దొంగ ప్రోటీన్‌గా చెల్లిపోతుంది. ఏడాదిన్నర తిరిగేసరికి, 2008లో, అదే మెలమిన్ చైనాలో పసిపిల్లల పాలపొడిలో బయటపడింది. దాదాపు మూడు లక్షల మంది పిల్లలు జబ్బుపడ్డారు, ఆరుగురు పసివాళ్లు పోయారు. పిల్లుల మూత్రపిండాల్లో కనిపించిన స్ఫటికాలను ప్రపంచం ఇంకాస్త గట్టిగా పట్టించుకుని, "ఇది ఇంకెక్కడెక్కడ కలుస్తోంది" అని వెతికి ఉంటే? బావకు ఇదే చెప్పాను. మనిషి ముందా, పిల్లి ముందా అన్న తగువే తప్పు. ఇద్దరి తిండీ ఒకే గొలుసులో ఉంది. గుజ్జు టిన్నుకూ కుట్టి టిన్నుకూ లోపలి పూత వేరు వేరు లోకాల నుంచి రాదు.

ఆయన వెంటనే ఒప్పుకోలేదు. కానీ వారం తర్వాత స్టీలు క్యారియర్ తీసుకుని సాంబారుకు వెళ్లాడని మా అక్క ఫోన్ చేసి చెప్పింది.

చట్టం సంగతి చూడండి. మన దేశంలో 2006 నాటి ఆహార భద్రతా చట్టం ఆహారం అంటే మనుషులు తినేదని నిర్వచించింది, పశువుల దాణా అందులోకి రాదని విడిగా రాసింది. ఆ చట్టం కింద 2018లో ప్యాకేజింగ్ నిబంధనలు వచ్చాయి. ప్లాస్టిక్ నుంచి ఆహారంలోకి మొత్తం మీద కిలోకు 60 మిల్లీగ్రాములకు మించి దిగకూడదని వాటిలో ఉంది. చాలా విడ్డూరంగా, మనిషి తిండి, జంతువు దాణా అని చట్టం గీసిన గీతకు నా చేతిలోని మామిడి గుజ్జు టిన్ను ఇవతల, కుట్టి టిన్ను అవతల. యూరప్ 2024 డిసెంబర్‌లో ఆహారాన్ని తాకే వస్తువుల్లో బీపీఏని నిషేధిస్తూ నిబంధన తెచ్చింది, 2025 జనవరి 20 నుంచి దశలవారీగా అమలవుతోంది. పెద్ద అడుగు. కానీ అక్కడి చట్టంలో కూడా ఆహారం అంటే మనిషి ఆహారమే, జంతువులది దాణా. అమెరికా 1938 చట్టం మాత్రం ఆహారం అంటే "మనిషి లేదా ఇతర జంతువులు" తినేది, తాగేది అని రాసింది. ఆ "ఇతర" అన్న మాట నాకు చాలా నచ్చింది. మనిషినీ ఆ జాబితాలోనే కూర్చోబెట్టింది.

పసిపిల్లల పాలసీసాల విషయంలో ఇన్ని దేశాలు ముందే ఎందుకు కదిలాయి? కెనడా, యూరప్, 2012లో అమెరికా, వరసగా బీపీఏ ఉన్న పాలసీసాలను ఆపేశాయి. పసిబిడ్డ బరువు తక్కువ, తినేది ఒకటే పదార్థం, అది ఒకటే పాత్రలో నుంచి, శరీరం విషాన్ని వదిలించుకునే శక్తి ఇంకా పూర్తిగా రాలేదు, తనకు ఏది వద్దో చెప్పలేదు. ఈ అయిదు మాటల్లో పసిబిడ్డ తీసి పిల్లిని పెట్టి చదవండి. ఒక్కటైనా తప్పుతుందా?

మన ఊరికి ఇది అర్థం కాని విషయం కాదు. కొండ మీద ప్లాస్టిక్ నీళ్ల సీసాలు ఆపేసి గాజు సీసాలు పెడితే మొదట్లో గొణిగినవాళ్లం, ఇప్పుడు ఇంటి నుంచే రాగి చెంబో స్టీలు సీసానో పట్టుకుని మెట్లెక్కుతున్నాం. అది అడవి కోసం, చెత్త కోసం చేసిన పని, నిజమే. కానీ లోపలున్నదే కాదు, దాన్ని మోసే పాత్ర కూడా లెక్కలోకి వస్తుందని ఊరు ఊరంతా నేర్చుకుంది. పైగా తిరుపతిలో 1955 నుంచి పశువైద్య కళాశాల ఉంది, దాని మీద ఇప్పుడు విశ్వవిద్యాలయమే ఉంది. ఐఐటీ ఉంది, సైన్సు పరిశోధన సంస్థ ఐసర్ ఉంది. మన పెట్ షాపుల్లో అమ్మే టిన్నులను మన ఊళ్లోనే పరీక్షించి, ఎందులో ఏది ఎంత ఉందో చెప్పగలిగితే మిస్సోరి దాకా చూడాల్సిన పని ఉండదు. 14 కుక్కలు, రెండు వారాలు. అసాధ్యమైన పరిశోధనేమీ కాదు అది. ఏ విద్యార్థి అయినా ఈ అంశం ఎత్తుకుంటే కుట్టి రక్తం ఇవ్వడానికి నేను సిద్ధం.

నేను కొంటున్న టిన్నుల దిగుమతిదారుకు మెయిల్ రాశాను. తొమ్మిది రోజులకు జవాబు వచ్చింది. తమ ఉత్పత్తులు "వర్తించే అన్ని ప్రమాణాలకు" లోబడి ఉన్నాయని, కుట్టికి ఆరోగ్యం కోరుకుంటున్నామని. పూత పేరు లేదు. వర్తించే ప్రమాణం ఏదని మళ్లీ అడిగాను. ఇప్పటికి రెండు నెలలు, జవాబు లేదు. పెట్ షాపు అబ్బాయిని అడిగితే పాపం అతను టిన్ను తీసి ఎంతసేపో చదివాడు. "అక్కా, ఇన్నేళ్లలో ఈ మాట అడిగింది మీరొక్కరే" అన్నాడు. అతని తప్పేమీ లేదు. అతనికీ ఎవరూ చెప్పలేదు.

ఈ లోపల నేను చేస్తున్నది ఇదీ. తడి ఆహారం మానలేదు, మూత్రం జబ్బు ఉన్న గండుపిల్లికి అది మానిపించడం పూత కంటే పెద్ద ప్రమాదం. టిన్నులు తగ్గించి పౌచ్‌లు పెంచాను. పౌచ్‌లో అల్యూమినియం రేకుకు లోపల సాధారణంగా పాలీప్రొపిలీన్ పొర ఉంటుంది, ఎపాక్సీ పూత ఉండదు. అదీ ప్లాస్టిక్కే, అదీ అంత వేడిలో ఉడికినదే, కాబట్టి అది పూర్తి జవాబని చెప్పను. వారంలో మూడు పూటలు ఉడికించిన కోడిమాంసం, ఆ ఉడికిన నీళ్లతో సహా, డాక్టర్ గారు రాసిచ్చిన టారిన్ పొడి కలిపి పెడుతున్నాను. ఒకే కంపెనీ, ఒకే రకం అని పట్టుబట్టకుండా మారుస్తున్నాను. తెరిచిన టిన్నులో మిగిలింది అలాగే ఫ్రిజ్‌లో పెట్టడం మానేశాను, గాజు గిన్నెలోకి తీస్తాను. చల్లగా ఉందని టిన్నును వేడినీళ్లలో ముంచి వెచ్చబెట్టే అలవాటు ఉండేది, అదీ మానేశాను. గిన్నె స్టీలుది. నీళ్లు మూడు చోట్ల పెట్టాను, ఒకటి మట్టి మూకుడులో. కుట్టి ఆ మూకుడులోవే ఎక్కువ తాగుతున్నాడు.

నాయన మొన్న వచ్చినప్పుడు అలమరలో వరసగా కడిగి పెట్టిన ఏడు ఖాళీ టిన్నులు చూశాడు, ఒక్కో కంపెనీది ఒకటి. కింద కూర్చుని ఒక్కొక్కటీ తిప్పి చూశాడు. నాలుగింటికి బంగారు రంగు, రెండింటికి తెల్ల పూత, ఒకటి బూడిద రంగు. "కంటితో చూసి ఇంతవరకే చెప్పగలను పాపా. మిగతాది చేసినోడే చెప్పాల" అన్నాడు.

చేసినవాళ్లను అడగడానికి మీ సాయం కావాలి. మీ ఇంట్లో కుక్కకో పిల్లికో టిన్ను ఆహారం పెడుతుంటే, దాని మీద ఉన్న మెయిల్‌కు ఈ నాలుగు వాక్యాలు పంపండి. ఇవే నేను పంపినవి: "ఈ టిన్ను లోపల పూసిన పూత ఏ పదార్థంతో చేసింది? అందులో బిస్ఫినాల్ ఏ గానీ, బిస్ఫినాల్ ఎస్, ఎఫ్ గానీ ఉన్నాయా? ఆహారంలోకి ఎంత దిగుతోందో పరీక్ష చేయించారా, చేయిస్తే ఆ ఫలితం పంపగలరా? ఇకముందు ఆ పూత పేరు లేబుల్ మీద రాస్తారా?"

జవాబు వచ్చినా రాకపోయినా, ఎన్ని రోజులైందో కింద రాయండి. కంపెనీ పేరు వద్దు, రోజుల లెక్క చాలు. నాది ఇవాళ్టికి 61వ రోజు.